రెండు వేళ్ల సందు

టైర్ల కొట్టు నుంచి,
మార్చి మొదటి వారం

చిన్నోడా,

పోయిన నెల నిన్ను చూసి వచ్చాక రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. అద్దానికి అవతల నువ్వు, ఇవతల నేను, చుట్టూ జనం అరుపులు. నువ్వేదో అంటున్నావు, నేను తలూపుతున్నాను. బయటికొచ్చి ఆలోచించుకుంటే ఒక్క ముక్కా అర్థం కాలేదని తెలిసింది. అందుకే ఇకమీదట చెప్పాల్సిందంతా కాగితం మీదే చెప్తాను. అక్కడివాళ్లు చదివాకే నీకిస్తారట కదా, చదవనీ. నా చేతిరాత చదివిన పాపానికి వాళ్లకే కళ్లజోళ్లు వస్తాయి.

కొట్టు తెరిచాను. నువ్వు వెళ్లిన దగ్గర్నుంచి దించి ఉన్న షట్టరు తుప్పు పట్టి లేవనని మొరాయించింది. నేనూ మీ బావా చెరో పక్క పట్టుకుని లేపాం. జాకీ నువ్వు వదిలిన చోటే ఉంది. నీ నీలం చొక్కా మేకుకి వేలాడుతోంది. దాన్ని చూసి మీ బావ గిరుక్కున వెనక్కి తిరిగి రోడ్డు మీదికి వెళ్లి నిలబడ్డాడు. ఆయన సంగతి ఏం చెప్పమంటావు? ఫ్యాక్టరీ మూతపడ్డాక కొన్నాళ్లు నీ దగ్గరే పని నేర్చుకున్న మనిషి ఇప్పుడు పానా కూడా ముట్టడు. కుర్చీలో కూర్చుని బిల్లులు రాస్తాడు, టైర్లలో గాలి నింపుతాడు. బండి కిందికి వంగమంటే చెమటలు పట్టేస్తాయి. నిన్ను చూడ్డానికి రమ్మంటే, "వాడి మొహం ఎలా చూడనే" అంటాడు. బావమరిది జైల్లో ఉండటం నామోషీ కాబోలనుకుని నోరు మూసుకుంటున్నాను. లోపల మాత్రం ఒళ్లు మండిపోతుంది.

కోర్టులో చదివిన ఆ డ్రైవరు వాంగ్మూలం ఇంకా చెవుల్లో మోగుతోంది. పాపం, ప్రాణం పోయే ముందు ఆసుపత్రి మంచం మీద చెప్పాడట. "పెద్ద చక్రాలు వేయించుకు రమ్మని టీచరు గారు పంపితే తీసుకెళ్లాను. కొట్టులో ఉన్నతను టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య రెండు వేళ్లు పెట్టి చూసి, ఢోకా లేదు పొమ్మన్నాడు." మర్నాడు కొండ దారిలో ఆరుగురితో దిగుతుంటే ఆ టైరు మడ్‌గార్డుకి ఒరుసుకుని, కోసుకుపోయి, పేలింది. టీచరు గారి భార్య అక్కడికక్కడే పోయింది. కోర్టులో నువ్వు లేచి "అతను నేనే" అన్నావు. నాలుగేళ్లు వేశారు.

నువ్వు ఇలాంటి పని చేశావంటే నాకిప్పటికీ నమ్మబుద్ధి కాదు. చొక్కా గుండీ ఒకటి తప్పితే సగం దారిలోంచి ఇంటికి తిరిగొచ్చే మనిషివి. ఆ రోజు నీకేం పట్టిందిరా?

సరే, అసలు సంగతి. ఒక ఫొటోగ్రాఫరు వచ్చాడు. చిన్న కారు, పద్నాలుగు అంగుళాల రిమ్ములు. అవి తీసేసి పదహారు వేయాలట, బండికి అందం వస్తుందట. రిమ్ములకి ఆర్డరిచ్చాడు, అవి రావడానికి రెండు నెలలు పడుతుంది. "టైర్లు మీ దగ్గరే వేయిస్తాను, ఏ సైజు వేస్తారు మేడమ్?" అన్నాడు. బావని అడుగుదామని చూస్తే ఆయన గోడౌనులోకి వెళ్లిపోయాడు. పాత టైరు మీద 175/65 R14 అని ఉంది. పదహారు రిమ్ముకి పదహారు టైరు, నాకు తెలిసింది అంతే. ఇంకేమన్నా ఉంటే రాయి. ఈ కొట్టు నిలబడకపోతే నువ్వు తిరిగొచ్చేసరికి నీకేమీ మిగలదు.

వకీలు గారు అప్పీలు వేశారు. శిక్ష తగ్గుతుందనే అంటున్నారు. పిల్లలిద్దరూ మామయ్యని అడిగామని చెప్పమన్నారు.

అక్క

*

జైలు నుంచి,
మార్చి ఆఖరు

అక్కా,

నీ ఉత్తరం ఇచ్చేటప్పుడు ఇక్కడి గుమాస్తా నిజంగానే కళ్లజోడు తుడుచుకున్నాడు. "ఈ అంకెలేంటయ్యా, ఏమన్నా రహస్య భాషా?" అన్నాడు. మా అక్క బతుకుతెరువండీ అన్నాను.

పదహారుకి పదహారు చూసుకుంటే సరిపోదు. టైరు మీద అంకెలు మూడు. మొదటిది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. చివరిది రిమ్ము, అంగుళాల్లో. మధ్యలోదాన్ని ఎవరూ పట్టించుకోరు, ప్రాణమంతా దాంట్లోనే ఉంది. రిమ్ము అంచు నుంచి రోడ్డు దాకా ఉండే టైరు గోడ ఎత్తు, టైరు వెడల్పులో నూటికి ఎంత వంతో ఆ అంకె చెప్తుంది. 175లో నూటికి 65 అంటే దాదాపు 114. ఆ గోడ రిమ్ముకి పైనొకటి, కిందొకటి. రెండూ కలిపి 227 చిల్లర. పద్నాలుగు అంగుళాల రిమ్ము 355 చిల్లర. మొత్తం చక్రం ఎత్తు 583. కారు తయారుచేసినవాడు ఆ ఎత్తు చూసుకునే మడ్‌గార్డు పెట్టాడు, ఆ ఎత్తుకే మీటరు అమర్చాడు. మనం దాన్ని మార్చకూడదు. లోపల ఇనుము పెరిగితే బయట రబ్బరు తగ్గాలి, అంతే.

ఆ ఫొటోగ్రాఫరుకి 195/45 R16 వెయ్యి. గోడ 88 లోపే. రెండూ కలిపి 175 చిల్లర, రిమ్ము 406. మొత్తం 582. ఒక్క మిల్లీమీటరు తేడా. అదే 195/55 వేశావనుకో, 621 అవుతుంది. దాదాపు నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ. ఖాళీ బండి నిలబెట్టి చూస్తే ముచ్చటగా ఉంటుంది. జనం ఎక్కి, గుంతలో పడి, మలుపు తిరిగినప్పుడు తెలుస్తుంది. మీటరు కూడా అబద్ధాలాడుతుంది. అరవై చూపిస్తున్నప్పుడు బండి అరవై నాలుగులో పోతుంటుంది. కొట్టులో 55వి ఇంకా ఉంటే కంపెనీకి తిప్పి పంపించెయ్. నా కళ్ల ముందు లేకపోయినా అవి అక్కడున్నాయంటే నాకు పడదు.

రబ్బరు తగ్గితే కుదుపు ఎక్కువ, గుంతలో పడితే రిమ్ము వంగుతుంది. ఆ మాట ముందే చెప్పెయ్, తర్వాత నీ మీద పడి ఏడవకుండా.

ఇక్కడ కవర్లు అంటించే పని ఇచ్చారు. కిటికీ చాలా ఎత్తులో ఉంది. రోడ్డు కనపడదు, చప్పుడు వినపడుతుంది. పోయే బండి చప్పుడు విని ఏ చక్రంలో గాలి తక్కువుందో చెప్తుంటాను. పక్కవాళ్లు పగలబడి నవ్వుతారు. నిజమో కాదో చూసి చెప్పేవాళ్లు లేరు కాబట్టి నేను ఎప్పుడూ కరెక్టే.

ఆ రోజు సంగతి వదిలెయ్ అక్కా. అయిపోయింది. బావని ఏమీ అనకు.

నీ తమ్ముడు

*

టైర్ల కొట్టు నుంచి,
మే

చిన్నోడా,

నీ లెక్క నాకు వచ్చేసింది. పాత బిల్లుల వెనక రోజూ చేస్తున్నాను. రోడ్డు మీద ఆగిన ప్రతి బండి దగ్గరా వంగి టైరు చదువుతుంటే జనం నన్ను వింతగా చూస్తున్నారు. చూడనీ. కొట్టులో 55వి ఒక్క జత మిగిలి ఉంటే తిప్పి పంపేశాను. తిప్పి పంపమని నువ్వు రాశాకే నాకు అర్థమైంది, ఆ టీచరు గారి బండికి పడింది అవేనని.

అదే నాకు మింగుడుపడటం లేదు. జైల్లో కవర్లు అంటిస్తూ, ఏ పుస్తకమూ చూడకుండా ఆ లెక్క చెప్పగలిగినవాడివి. అలాంటివాడు 55 ఎలా వేశాడు? ఒంట్లో బాగాలేదా ఆ రోజు? ఎవరితోనైనా గొడవపడ్డావా? నాకు చెప్పకూడనిదేమన్నా ఉందా? వదిలెయ్ అంటే నేను వదిలేసే రకాన్నా?

ఇంట్లో శాంతి లేదు. బడిలో ఒక పిల్ల మన పెద్దదాన్ని, "మీ మామయ్య మనిషిని చంపాడంట కదా" అందట. ఇది దాని జడ పట్టుకుని లాగింది. హెడ్ మాస్టరు పిలిపించారు. మీ బావని వెళ్లమంటే రానన్నాడు. ఆ రోజు నాకు తిక్క రేగింది. "నువ్వూ ఒక మగాడివేనా? బావమరిదిని చూడ్డానికి వెళ్లవు, కూతురి కోసం బడికి వెళ్లవు, కొట్టులో బొమ్మలా కూర్చుంటావు" అని చెడామడా తిట్టాను. ఒక్క మాట తిరిగి అనలేదు. అంటే బాగుండేది. మనిషి సగమైపోయాడు, మొన్న ప్యాంటు జారిపోతోందని బెల్టుకి కొత్త రంధ్రం పొడుచుకున్నాడు. నీ మీద బెంగే అనుకుంటున్నాను. బెంగ ఉన్నవాడు ఒకసారి వచ్చి చూడొచ్చు కదా అని మళ్లీ కోపం వస్తుంది.

ఫొటోగ్రాఫరు రిమ్ములు వచ్చాయి. కంపెనీ నుంచి 195/45 R16 టైర్లు రెండు రకాలు వచ్చాయి. అంకెలు పొల్లు పోకుండా ఒకటే, కానీ ఒకదాని మీద వెనక 80 అని, ఇంకోదాని మీద 84 అని ఉంది. తేడా ఏంటి? అతను లైట్లు, పెట్టెలు, నలుగురు మనుషుల్ని ఎక్కించుకుని తిరుగుతాడు.

అక్క

*

జైలు నుంచి,
మే ఆఖరు

అక్కా,

మంచి ప్రశ్న అడిగావు. సైజు సరిపోయిందని సంబరపడి ఇక్కడ బోల్తా కొట్టేవాళ్లు చాలామంది. ఆ అంకె టైరు మోయగల బరువు. పాత టైరు మీద 82 ఉంటుంది చూడు. అంటే ఒక్కో టైరు 475 కిలోలు మోస్తుంది. 80 అయితే 450. నాలుగు చక్రాలకీ కలిపి వంద కిలోలు తగ్గినట్టు. అతని పెట్టెలూ మనుషులూ ఎక్కితే ఆ వంద కిలోలే ప్రాణం తీస్తాయి. గట్టి గోడ రకం 84, అది 500 మోస్తుంది. అదే వెయ్యి. గాలి కొంచెం ఎక్కువ కొట్టాలి. పాతదాని కంటే అంకె ఎప్పుడూ తగ్గకూడదు.

వేసిన తర్వాత సుద్ద పరీక్ష చెయ్. టైరు భుజం మీద, అంటే గోడ మొదలయ్యే అంచున, లోపలి వైపు, బయటి వైపు, సుద్ద బాగా రుద్దు. వెనక సీట్లో ముగ్గురిని, ముందు ఇద్దరిని కూర్చోబెట్టు. స్టీరింగు పూర్తిగా అటూ ఇటూ తిప్పించి, వీధి చివర స్పీడు బ్రేకరు మీంచి పోనిచ్చి వెనక్కి తెప్పించు. సుద్ద ఎక్కడన్నా చెరిగితే అక్కడ తగులుతున్నట్టు. నా సుద్ద ముక్కలు ఎక్కడుంటాయో పిల్లలకి తెలుసు, దొంగ మొహాలు, సగం వాళ్లే కాజేసేవాళ్లు.

ఈ పరీక్ష నువ్వే చెయ్. బావని ఆ బండి దగ్గరికి రానివ్వకు. ఆయనకి ఆ దృశ్యం పడదు, అంతకుమించి ఏమీ లేదు. ఆయన్ని మాటలనకు అక్కా, నా మీద ఒట్టు. పెద్దదానికి చెప్పు, మామయ్య గురించి ఎవరేమన్నా జడలు లాగొద్దని.

నాకు ఒంట్లో బాగానే ఉంది. ఆ రోజూ బాగానే ఉంది. ఎవరితోనూ గొడవపడలేదు. ఇంకేం అడగకు.

అప్పీలు తేదీ తెలిస్తే రాయి. తగ్గుతుందని వకీలు గారన్నారని నువ్వు రాసిన ముక్కని ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు.

నీ తమ్ముడు

*

టైర్ల కొట్టు నుంచి,
జూన్

తమ్ముడూ,

ఈ ఉత్తరం వకీలు గారి చేతికిస్తున్నాను. ఆయన తెచ్చేవాటిని అక్కడ ఎవరూ విప్పరట, ఆయనా విప్పనన్నారు. నువ్వూ ఆయన చేతికే జవాబివ్వు.

ఫొటోగ్రాఫరు బండికి టైర్లు బిగించాను. నువ్వు చెప్పినట్టే సుద్ద రాశాను. అతని మనుషులు ఎక్కారు. బండి తిరిగొచ్చింది. నేను ఒక పక్క వంగి సుద్ద చూస్తున్నాను. గాలి చూడ్డానికి మీ బావ రెండో పక్కకి వచ్చాడు. ఆయనకి తెలియకుండానే, అలవాటుగా, చెయ్యి చాపి టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య రెండు వేళ్లు దూర్చాడు.

దూర్చి, నిప్పు తగిలినట్టు లాక్కున్నాడు. నేను తలెత్తాను. ఆయన నన్ను చూశాడు. ఆ చూపు పగవాళ్లకి కూడా వద్దు. అలాగే బండి పక్కన నేల మీద కూలబడిపోయాడు. ఫొటోగ్రాఫరు ఎండదెబ్బ అనుకుని నీళ్లు తెచ్చాడు.

నువ్వు వేళ్లు పెట్టవు. నీకు ఊహ తెలిసిన దగ్గర్నుంచి నీ చేతులు చూస్తున్నాను. నీ ప్యాంటు జేబులు ఉతికి ఉతికి సుద్ద వదలక విసుక్కున్నదాన్ని నేనే. కోర్టులో ఆ మాట విన్న రోజే నాకు తట్టాల్సింది. కళ్లుండీ చూడలేదు. ఆయన్ని తిట్టాను, నిన్ను అడిగాను, ఆయన పక్కనే కూర్చుని ఇన్నాళ్లు అన్నం తిన్నాను.

ఇంటికొచ్చాక తలుపేసి అడిగాను. అంతా చెప్పేశాడు. నువ్వు సరుకు కోసం డిపోకి వెళ్లావట. డ్రైవరు తొందరపెట్టాడట. రిమ్ము పదహారు, టైరు పదహారు, వెడల్పు సరిపోయింది, మధ్య అంకె చూడలేదట. మర్నాడు పొద్దున అరలో నాలుగు టైర్లు లేకపోవడం చూసి ఎవరికి వేశావని నువ్వు ఆయన్ని అడిగి, డ్రైవరు నంబరు కోసం ఊరంతా పరిగెత్తావట. మధ్యాహ్నానికి కబురు వచ్చేసిందట. "నేనే వెళ్లి ఒప్పుకుంటానన్నాను, వాడే నన్ను ఆపాడు" అన్నాడు. "వాడు ఆపితే ఆగిపోయావా?" అన్నాను. లేచి చెప్పులు వేసుకున్నాడు. ఇప్పుడే స్టేషనుకి వెళ్తానన్నాడు. గుమ్మం దగ్గర చిన్నది, "నాన్నా, ఎక్కడికి? నేనూ వస్తా" అంది. దాన్ని ఎత్తుకుని తిరిగొచ్చి మంచం మీద కూర్చున్నాడు.

నాకు ఆయన్ని చూస్తే అసహ్యం వేస్తోంది. ఆ చేతిలో పిల్ల ఉంటే అసహ్యపడటం కూడా చేతకావటం లేదు. నువ్వు లోపల, ఆయన బయట, మధ్యలో నేను. నేను వకీలు గారికి అంతా చెప్పేస్తాను. నువ్వు ఇంటికి వచ్చెయ్.

అక్క

*

జైలు నుంచి,
జూన్ ఆఖరు

అక్కా,

చెప్పొద్దు.

నీకు దండం పెడతాను, చెప్పొద్దు. నేను బాగా ఆలోచించే చేశాను. ఆ మధ్యాహ్నం కబురు వచ్చినప్పుడు బావ కొట్టు మధ్యలో పానా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పిల్లలు ఒంటిపూట బడి నుంచి వచ్చి సంచులు పడేసి, ఏంటి నాన్నా అని ఆయన చుట్టూ తిరుగుతున్నారు. అప్పుడే అనుకున్నాను. నేను లోపలికి వస్తే ఒక్కణ్ణి వస్తాను. ఆయన వస్తే నలుగురు వచ్చినట్టు. నాకు పెళ్లాం లేదు, పిల్లలు లేరు. కొట్టు నా పేరు మీద ఉంది. ఆయనకి పని నేర్పింది నేను. మధ్య అంకె సంగతి ఆయన తలకెక్కేదాకా చెప్పకపోవడం నాదే పొరపాటు. ఇందులో పెద్ద త్యాగమేమీ లేదు, లెక్క అలా తేలింది.

ఇప్పుడు చెప్తే ఏమవుతుంది? చనిపోయినవాళ్లు తిరిగొస్తారా? పెద్దదాన్ని బడిలో మామయ్య పేరు పెట్టి ఏడిపిస్తున్నారు. అదే నాన్న పేరు పెట్టి ఏడిపిస్తే తట్టుకుంటుందా? మామయ్య ఇంకో ఇంటి మనిషి. నాన్న అలా కాదు.

అప్పీలులో ఎలాగూ తగ్గుతుంది. రెండేళ్లకి వచ్చేస్తాను. నువ్వు కొట్టు చూసుకో. బావని నిలబెట్టుకో. ఆయన చెడ్డవాడు కాదు, భయస్థుడు. భయస్థులకి కూడా ఇల్లు ఉండాలి కదా.

చెప్పావంటే నాకు అక్క లేదనుకుంటాను. ఇదే నా మాట. దీని గురించి మళ్లీ రాయకు.

నీ తమ్ముడు

*

టైర్ల కొట్టు నుంచి,
ఆగస్టు

తమ్ముడూ,

ఇన్ని రోజులు నీకు రాయలేకపోయాను.

పోయిన నెలలో వకీలు గారి ఆఫీసుకి వెళ్లాను. గుమ్మం దాకా వెళ్లి ఒకసారి వెనక్కి వచ్చేశాను. చివరికి లోపలికి వెళ్లి ఊరికే అడుగుతున్నట్టు అడిగాను, వేరే ఎవరైనా వచ్చి ఆ పని చేసింది నేనని ఒప్పుకుంటే ఏమవుతుందని. ఆయన కలం కింద పెట్టి నా వైపు చూశారు. "ఒప్పుకున్నవాడు లోపలికెళ్తాడు, మీ తమ్ముడు బయటికొస్తాడు. అలాంటివాడు ఉన్నాడా అమ్మా?" అన్నారు. నీ మాట గుర్తొచ్చింది. లేడండీ అన్నాను. ఆయన మళ్లీ అడగలేదు. మెట్లు దిగి రోడ్డు పక్కన నిలబడి ఏడ్చాను.

అప్పీలుకి ముందు రోజు టీచరు గారు కొట్టుకి వచ్చారు. నేను ఆయన్ని కోర్టులో దూరం నుంచి చూశానంతే. పెద్దమనిషి, మెల్లిగా మాట్లాడతారు. కూర్చోమంటే కూర్చోలేదు. మీ బావ వెనక టైర్లు సర్దుతున్నాడు. పిల్లలు అప్పుడే బడి నుంచి వచ్చారు.

"మీ తమ్ముడి మీద నాకు కక్ష లేదమ్మా. దాచకుండా ఒప్పుకున్నాడు. రేపు కోర్టులో శిక్ష తగ్గించమని నా నోటితో నేనే చెబుదామనుకుంటున్నాను. కానీ ఎవరో అన్నారు, మీ కొట్టులో ఇద్దరు పనిచేసేవాళ్లట, ఒకతను పనికి కొత్తట. ఆ రోజు మా బండికి చక్రాలు వేసింది ఎవరమ్మా? నాకు నిజం తెలిస్తే చాలు" అన్నారు.

వెనక చప్పుడు ఆగిపోయింది. మీ బావ చేతిలో టైరు అలాగే ఉండిపోయింది. ఆయన ఇప్పుడు నోరు విప్పుతాడు, ఇప్పుడు విప్పుతాడు అని నేను ఎదురుచూశాను. విప్పలేదు. చిన్నది నా కొంగు పట్టుకుని ఆయన వైపే చూస్తోంది.

"మా తమ్ముడేనండి" అన్నాను.

"నీకు ఖాయంగా తెలుసా?"

"తెలుసండి. ఈ పనంతా తనే చూసుకునేవాడు. చిన్నప్పటి నుంచీ ఇదే పని."

ఆయన అరలో ఉన్న టైర్ల వైపు చూశారు. తర్వాత, "నేర్చుకుంటున్నవాడు తెలియక వేశాడేమోననుకున్నానమ్మా. అలాగైతే నేను క్షమించగలిగేవాణ్ణి. అంత తెలిసినవాడు వేశాడంటే, మా ఆవిడ ప్రాణం అతనికి లెక్కలేదన్నమాట" అన్నారు. అని వెళ్లిపోయారు.

అర్థమైందా నీకు? నిజం చెప్పి ఉంటే ఆయన క్షమించేవారు. మీ బావని కూడా క్షమించేవారు. వెనకాలే పరిగెత్తి చెబుదామనుకున్నాను. పిల్లల ముందు, వీధి మధ్యలో, ఏమని చెప్పను? అప్పటికే ఆయన మలుపు తిరిగిపోయారు.

మర్నాడు కోర్టులో ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు. జడ్జి గారు కూడా, ముందు రోజు కొట్టులో టీచరు గారు అన్న మాటే అన్నారు. ఇన్నేళ్ల అనుభవం ఉన్నవాడికి ఈ పొరపాటు పొరపాటు కాదన్నారు. అప్పీలు కొట్టేశారు. నాలుగేళ్లూ ఉండాల్సిందే.

నువ్వు చెప్పొద్దన్నావు, నేను చెప్పలేదు. అంతకన్నా ఏం రాయను? మీ బావ ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. నేనూ ఆయనతో మాట్లాడటం లేదు. ఒకే కాగులో నీళ్లు తోడుకుంటాం, ఒకే గదిలో పడుకుంటాం. పిల్లలు మా ఇద్దరి మొహాలూ చూసి మెల్లిగా నడవడం నేర్చుకున్నారు. ఏ ఇల్లు నిలబడాలని నువ్వు లోపలికి వెళ్లావో ఆ ఇల్లు ఇలా ఉంది.

అక్క

*

జైలు నుంచి,
సెప్టెంబరు

అక్కా,

నీ ఉత్తరం వకీలు గారు ఇచ్చారు. తీర్పు సంగతి అప్పటికే తెలుసు. ఇది కూడా ఆయన చేతే పంపుతున్నాను.

నువ్వు నేను చెప్పినట్టే చేశావు. నిన్ను తప్పుపట్టడానికి నాకు నోరు లేదు. టీచరు గారు నా గురించి అనుకున్నది నిజం కాదని ఆయనకి ఎప్పటికీ తెలియదు. దానికి కూడా ఒప్పుకునే వచ్చాను కదా అని నాకు నేను చెప్పుకుంటున్నాను. కవర్లకి జిగురు రాస్తూ రోజంతా చెప్పుకుంటున్నాను. ఎక్కటం లేదు.

ఇది రాయకూడదని రెండు కాగితాలు చింపేశాను. రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది. చెప్పొద్దని ఆ ఉత్తరం మడిచి వకీలు గారి చేతిలో పెట్టిన క్షణం నుంచి, నువ్వు చెప్పేస్తావని ఎదురుచూశాను. కాపలావాడు నా నంబరు పిలిచిన ప్రతిసారీ, అక్క చెప్పేసింది, ఇక ఇంటికే, అనుకుని లేచాను. చెప్తే నాకు అక్క లేదనుకుంటానని రాశానే, ఆ మాట రాసేటప్పుడు కూడా నువ్వు లక్ష్యపెట్టవనే ధైర్యంతోనే రాశాను. చిన్నప్పుడు ఆకలి లేదంటే కంచం ముందు పెట్టి కూర్చునేదానివి. జ్వరం లేదంటే మందు మింగించేదానివి. చదువు మానేస్తానంటే చెవి పట్టుకుని బడి దాకా లాక్కెళ్లావు. నేను వద్దన్న పని నువ్వు ఏనాడూ మానలేదు అక్కా.

ఈ ఒక్కసారే నా మాట విన్నావు.

వచ్చే నెల చూడ్డానికి రాకు. వచ్చినా నేను అద్దం దగ్గరికి రాను.

నీ తమ్ముడు